గుండె నొప్పా? గ్యాసు నొప్పా?

పాల సేకరణ కేంద్రంలో ఎవరు పోసిన పాలైనా చిక్కదనం చూసి వెన్న శాతం వేయము. నమూనా తీసి, పరీక్ష చేసి, అంకె వచ్చిన తరువాతనే పుస్తకంలో రాస్తాము. కాని ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు మాత్రం పరీక్ష లేకుండానే తీర్పు చెప్పేస్తాము. "రాత్రి తిన్నది అరగలేదు, గ్యాసు పట్టింది" అంటాము. సోడా తాగి, వాము నమిలి, కేంద్రంలో పాలు పోసి వచ్చి పడుకుంటాము. చాలాసార్లు అది గ్యాసే అయి ఉండవచ్చు. గ్యాసు కానినాడు పోయేది ప్రాణం. అందుచేత గుండె జబ్బుల లక్షణాలలో సభ్యులందరూ తప్పక తెలుసుకోవలసినవి ఈ సంచికలో వివరిస్తున్నాము.

గుండె చేసే పని

మన గుండె సుమారు మన పిడికిలి అంత ఉంటుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోడి ఒళ్ళంతటికీ పంపుతుంది. ఆ లెక్కన రోజుకు 7,200 లీటర్లు. మన 40 లీటర్ల కేన్లతో కొలిస్తే 180 కేన్లు!

బావి మోటారుకు ఫుట్ వాల్వు ఉన్నట్లే, గుండెలో నాలుగు కవాటాలు ఉన్నాయి. ముందుకు పోయిన రక్తం వెనక్కు రాకుండా ఇవి అడ్డుకుంటాయి. ఇంత పని చేసే గుండె కండకు కూడా రక్తం అందాలి గదా! గుండె పైన అల్లుకొని ఉన్న సన్నని రక్తనాళాలు ఆ పని చేస్తాయి. ఈ నాళాలు పూడితే ఒక జబ్బు, కవాటాలు చెడితే ఒక జబ్బు, కండ బలం తగ్గితే ఇంకొక జబ్బు.

గుండెపోటు

కాలువలో పూడిక పేరుకుంటే చివరి మడికి నీరు తగ్గుతుంది. గుండె నాళాలలో కొవ్వు పేరుకున్నప్పుడు కూడా అంతే. కూర్చున్నంతసేపు ఏమీ తెలియదు. గడ్డిమోపు ఎత్తినప్పుడు, గట్టు ఎక్కినప్పుడు ఛాతీ పట్టేస్తుంది. కాసేపు ఆగితే తగ్గిపోతుంది. "ఆగితే తగ్గింది గదా" అని ఊరుకోకూడదు. అది ముందుగా వచ్చిన నోటీసు. ఆ వారంలోనే డాక్టరుకు చూపించుకోవాలి.

పేరుకున్న కొవ్వు మీద రక్తం గడ్డకట్టి నాళం పూర్తిగా మూసుకుపోతే అదే గుండెపోటు. దాని గుర్తులు ఇవి:

1. ఛాతీ నడుమ బరువు పెట్టినట్లు, పిండినట్లు, మంట పెట్టినట్లు నొప్పి. 15, 20 నిమిషాలైనా తగ్గకపోవటం.
2. ఆ నొప్పి ఎడమ చేతికి గాని, రెండు చేతులకు గాని, మెడకు, దవడకు, వీపుకు, పొట్ట పైభాగానికి గాని పాకటం.
3. చల్లని చెమటలు, వాంతి, ఆయాసం, కళ్ళు తిరగటం.

నొప్పి పొట్ట పైభాగంలో వచ్చి, వాంతి కూడా అయినప్పుడే గ్యాసు అని మోసపోతాము. చక్కెర జబ్బు ఉన్నవారికీ వృద్ధులకూ ఒక్కొక్కసారి నొప్పే ఉండదు. ఆయాసమో, చెమటలో, చెప్పలేని నీరసమో వస్తుంది. ఆడవారిలోనూ ఇలా జరుగుతుంది. ఇంటిల్లిపాదికీ వండి, గేదెల పని చూసుకొనే ఇల్లాలు "ఒంట్లో బాగాలేదు" అంటే పని వల్ల వచ్చిన అలసట అని కొట్టివేయరాదు.

అప్పుడు ఏమి చేయాలి?

చేస్తున్న పని వెంటనే ఆపించి, వీపుకు ఆసరా ఇచ్చి కూర్చోబెట్టాలి. 108కి ఫోను చేయాలి. ఈ అంబులెన్సు సేవ మన రాష్ట్రంలో 2005లో మొదలైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ ఉన్నది. రోగిని నడిపించరాదు. తానే బండి నడుపుకుంటూ పోనివ్వరాదు. ఆస్పిరిన్ బిళ్ళ నమిలితే రక్తం మరింత గడ్డకట్టకుండా కొంత అడ్డుపడుతుంది. కాని కడుపులో పుండు ఉన్నవారికి, రక్తస్రావం అయ్యేవారికి, ఆ మందు పడనివారికి అది ప్రమాదం. ఫోనులో 108 వారిని గాని, డాక్టరును గాని అడిగి, ఇవ్వమంటేనే ఇవ్వాలి.

ఆసుపత్రిలో మొదట ఈసీజీ తీస్తారు. నొప్పి గుండెదా కాదా అని పరీక్షించే మొదటి సాధనం ఇదే. మొదటి ఈసీజీ బాగున్నా నొప్పి పోకపోతే కొంతసేపటికి మళ్ళీ తీస్తారు. రక్తపరీక్ష కూడా చేస్తారు. "ఒకసారి తీశారు, బాగానే ఉందన్నారు" అని మధ్యలో లేచి రావద్దు.

గుండెపోటు అని తేలితే గడ్డను కరిగించే ఇంజెక్షను ఇస్తారు. లేదా సన్నని గొట్టం ద్వారా నాళాన్ని తెరుస్తారు. ఇంజెక్షను సాధారణంగా నొప్పి మొదలైన 12 గంటల లోపు ఇస్తారు గాని, మొదటి రెండు మూడు గంటలలో ఇచ్చినదే బాగా పనిచేస్తుంది. నీరు అందని మడి ఎండినట్లు, రక్తం అందని గుండె కండ గంటగంటకూ చచ్చిపోతుంది. ఎండిన పైరు మళ్ళీ వేసుకోవచ్చు. చచ్చిన గుండె కండ తిరిగి రాదు. ఉదయం నొప్పి వస్తే పాలు పోసి, గేదెలకు మేత వేసి, సాయంత్రం చూద్దాం అనుకోవటంలో పోయేది ఈ కండే.

మనిషి కూలిపోయి, పలకక, ఊపిరి తీయకుండా ఉంటే అంబులెన్సు వచ్చేదాకా చేతులు కట్టుకొని నిలబడవద్దు. వెల్లకిలా పడుకోబెట్టి, రెండు చేతులు ఒకదానిమీద ఒకటి వేసి, ఛాతీ నడుమ రెండు అంగుళాలు దిగేట్లు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. ఒకరు అలసిపోతే మరొకరు అందుకోవాలి.

ఆయాసం, కాళ్ళ వాపు

గుండె కండ బలం తగ్గినప్పుడు ఊపిరితిత్తులలో, కాళ్ళలో నీరు చేరుతుంది. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే నయం. రాత్రి ఊపిరాడక లేచి కూర్చోవటం. పాదాలు వాచి, వేలితో నొక్కితే గుంట పడటం దీని లక్షణాలు. ఉబ్బసం వల్ల, రక్తం తక్కువైనందువల్ల కూడా ఆయాసం వస్తుంది. ఏది దేనివల్లనో డాక్టరు చూసి చెప్పాలి. ఈ జబ్బు ఉన్నవారు ఉప్పు తగ్గించాలి. రెండు మూడు రోజులలోనే రెండు కిలోల బరువు పెరిగితే నీరు చేరుతున్నదని గ్రహించి చూపించుకోవాలి.

పిల్లలలో కీళ్ళనొప్పులు

5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు గొంతునొప్పి, జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు మోకాలు, చీలమండ, మోచేయి ఒకదాని తరువాత ఒకటి వాచి నొప్పి పెడితే అశ్రద్ధ చేయవద్దు. కీళ్ళవాత జ్వరం కావచ్చు. కీళ్ళనొప్పి తగ్గిపోతుంది, గుండె కవాటాలకు తగిలిన దెబ్బ మిగిలిపోతుంది. ఆ పిల్లే పెద్దదై గర్భవతి అయినప్పుడు ఆయాసంతో ఆ దెబ్బ బయటపడుతుంది. మళ్ళీ మళ్ళీ జ్వరం రాకుండా మూడు నాలుగు వారాలకు ఒకసారి పెన్సిలిన్ ఇంజెక్షను ఏళ్ళ తరబడి ఇస్తారు. పిల్లవాడు ఆడుకుంటున్నాడు గదా అని దీనిని మానిపించకూడదు.

గుండెదడ

భయానికి, ఎక్కువ కాఫీ, టీలకు, రక్తహీనతకు కూడా దడ వస్తుంది. కాని దడతోపాటు కళ్ళు తిరిగి పడిపోయినా, ఛాతీ నొప్పి ఉన్నా వెంటనే వెళ్ళాలి. పెద్దవయసువారికి నాడి లెక్క తప్పి కొట్టుకుంటూ ఉంటే పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

నివారణ

రక్తపోటు 140/90 దాటినా చాలామందికి ఏ బాధా ఉండదు. అందుచేత ఏడాదికి ఒకసారైనా చూపించుకోవాలి. బిళ్ళలు మొదలుపెట్టిన తరువాత తగ్గింది గదా అని స్వంతంగా ఆపవద్దు. బీడీ, చుట్ట, ఖైనీ మానాలి. చక్కెర జబ్బు అదుపులో ఉంచుకోవాలి.

మన సరుకు సంగతి కూడా దాచకుండా చెబుతాము. గుండె జబ్బు ఉన్నవారు వెన్న, నెయ్యి తగ్గించాలి. పాలు మానవలసిన అవసరం సాధారణంగా ఉండదు. 3 శాతం వెన్న ఉండే టోన్డు పాలు, 1.5 శాతం ఉండే డబుల్ టోన్డు పాలు, వెన్న తీసిన మజ్జిగ వాడుకోవచ్చు.

ప్రతి సంఘం నోటీసు బోర్డు మీద 108 నంబరు, ఈసీజీ తీసే దగ్గరి ఆసుపత్రి పేరు, రాత్రిపూట కారు దొరికే ఇంటివారి ఫోను నంబరు రాయించవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము. కేంద్రంలో ఎవరైనా ఛాతీ పట్టుకొని కూర్చుంటే, వారి పాలు పక్కవారు పోయించి, వారిని మాత్రం ఆసుపత్రికి పంపండి. పరీక్షలో గ్యాసు అని తేలితే నవ్వుకుంటూ ఇంటికి వస్తారు. అందులో నామోషీ ఏమీ లేదు.