విరగ్గొట్టి చూసే పరీక్ష

కారు చక్రాన్ని బాడీకి కలిపి పట్టి ఉంచేది కంట్రోల్ ఆర్మ్. కారును కిందికి దించాలనో, వెడల్పు చక్రాలు వేయాలనో కంపెనీ ఇచ్చిన ఆర్మ్ తీసేసి, వర్క్‌షాపులో చేయించిన దాన్ని బిగించుకునేవారున్నారు. జర్మనీ నిబంధనల ప్రకారం, అలాంటి మార్పు వల్ల ఇతరులకు ప్రమాదం ఉందనుకుంటే కారుకు రోడ్డెక్కే అనుమతే పోతుంది. అది తిరిగి రావాలంటే ట్యూఫ్, డెక్రా వంటి సంస్థల నిపుణులు ఆ భాగం బలాన్ని ఒప్పుకోవాలి. భారతదేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదంటుంది.

ఆర్మ్ బలాన్ని తేల్చడానికి నిపుణులు మొదట చేసేది లెక్క. 1,200 కిలోల కారులో ఒక్కో చక్రం మీద సుమారు 300 కిలోల బరువుంటుంది. గుంతలో పడినప్పుడు అది ఎన్నో రెట్లవుతుంది. బ్రేకు వెనక్కి లాగుతుంది, మలుపు పక్కకు నెడుతుంది. ఇవన్నీ ఒకేసారి పడితే ఆర్మ్‌లో ఎక్కడ ఒత్తిడి పేరుకుంటుందో కంప్యూటర్‌లో చూస్తారు. సాధారణంగా అది వెల్డింగ్ అతుకు పక్కనే ఉంటుంది. వేడికి అక్కడి లోహం గుణం మారిపోతుంది, అతుకు అంచు నుంచే పగులు మొదలవుతుంది.

ఒక్కసారి పెద్ద బరువు మోసిందని ఆర్మ్‌ను నమ్మడానికి లేదు. 1842లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ దగ్గర రైలింజను ఇరుసు విరిగి యాభై మందికి పైగా చనిపోయారు. చిన్న బరువే లక్షలసార్లు పడుతూ ఉంటే ఉక్కు ఎందుకు విరుగుతుందో ఆ తర్వాతి దశాబ్దాల్లో జర్మన్ రైల్వే ఇంజినీరు ఆగస్ట్ వోలర్ ప్రయోగాలతో తేల్చాడు. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే తెగినట్టే ఇదీ. అందుకే ఆర్మ్‌ను చట్రానికి బిగించి, హైడ్రాలిక్ సిలిండర్లతో లక్షల సార్లు తోస్తూ లాగుతూ ఉంటారు. ఒక హద్దు లోపలి ఒత్తిడిని ఉక్కు ఎంతకాలమైనా తట్టుకోగలదు. అల్యూమినియానికి అంత స్పష్టమైన హద్దు లేదు కాబట్టి దాని విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ఎంత బరువుకు విరిగిందనే దానికన్నా ఎలా విరిగిందనేదే ముఖ్యం. మోతాదు మించితే ఆర్మ్ ముందు వంగాలి. వంగితే స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది, డ్రైవరుకు ఆగే వ్యవధి దొరుకుతుంది. పెళుసుగా పుటుక్కున విరిగితే ఆ వ్యవధి ఉండదు.

ఇలా పరీక్షించిన ఆర్మ్‌ను మళ్లీ కారుకు వాడరు. అదే ఉక్కుతో, అదే పద్ధతిలో చేసిన మరొకటి బిగిస్తారు. అందుకే ఉక్కు రకం, వెల్డరు అర్హత తెలిపే పత్రాలు అడుగుతారు. అతుకుల్లోని సన్నని పగుళ్లను రంగు ద్రవంతోనో, అయస్కాంత పొడితోనో వెతుకుతారు.

చివరిగా ఒక చక్రాన్ని దిమ్మె మీదికి ఎక్కించి, స్టీరింగ్‌ను రెండు కొసలకూ తిప్పి చూస్తారు. టైరు ఎక్కడా రాసుకోకూడదు, బ్రేకు గొట్టం బిగిసిపోకూడదు. నడిపి కూడా చూశాక మార్పును ధ్రువీకరిస్తారు, అది కారు పత్రాల్లోకి ఎక్కుతుంది.