నాన్సీ హ్యాంక్స్ తల్లి ఎవరు? – ఒక పల్లెటూరి స్త్రీ వంశావళిని గూర్చిన పరిశోధన

వంశావళులు బైబిలు విద్యార్థులకు కొత్తవి కావు. అయితే వాటిలో తండ్రి పేరు, కుమారుని పేరు వరుసగా వస్తాయి గాని తల్లుల పేర్లు అరుదు. మత్తయి మొదటి అధ్యాయంలో తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య కనబడగానే మనం ఆగి ఎందుకని ప్రశ్నిస్తాం. పంతొమ్మిదవ శతాబ్దపు అమెరికా పల్లెల్లోని ఒక స్త్రీ వంశాన్ని వెదకేవారికి కూడా మొదటి అడ్డంకి ఇదే. పెళ్ళితో ఆమె ఇంటిపేరు మారిపోతుంది. 1850కి ముందు జరిగిన జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరు మాత్రమే రాసేవారు. భార్యాబిడ్డలు వయస్సును బట్టి అంకెలుగా మిగిలేవారు. కాబట్టి పెళ్ళి పూచీపత్రం, భూమి దస్తావేజు, తండ్రి వీలునామా, సంఘ రిజిష్టరు, కోర్టు పుస్తకం – వీటిలో ఎక్కడో ఒక చోట ఆమె పేరు దొరకాలి.

దీనికి అబ్రాహాము లింకన్ తల్లి నాన్సీ హ్యాంక్స్ మంచి ఉదాహరణ. ఆమె 1784లో వర్జీనియాలో పుట్టి, కెంటకీలో పెరిగి, 1818 అక్టోబరు 5న ఇండియానా అడవిలోని ఒక చెక్క గుడిసెలో చనిపోయింది. విషపు మొక్కను మేసిన ఆవుల పాలు త్రాగడం వలన వచ్చే జబ్బు ఆమెను బలిగొన్నది. 1814లో భర్త థామస్ కెంటకీలోని పొలం అమ్మినప్పుడు ఆ దస్తావేజు మీద ఆమె సంతకానికి బదులు గుర్తు పెట్టింది. తన చేతితో ఆమె మనకు విడిచిన ఆధారం దాదాపు అంతే.

మొదట ఆమె పెళ్ళి మీదనే నింద వచ్చింది. లింకన్ తల్లిదండ్రులకు అసలు వివాహమే కాలేదని విరోధులు ప్రచారం చేశారు. ఆ కుటుంబం కాపురమున్న హార్డిన్ కౌంటీలో వెదకినవారికి ఏ రికార్డూ దొరకలేదు. దొరకదు కూడా, ఎందుకంటే పెళ్ళి జరిగింది పెళ్ళికూతురు ఉంటున్న వాషింగ్టన్ కౌంటీలో. 1806 జూన్ 12న మెథడిస్టు బోధకుడు జెస్సీ హెడ్ ఆ వివాహం జరిపించి, తాను చేసిన పెళ్ళిళ్ళ జాబితాను చట్ట ప్రకారం కోర్టుకు అప్పగించాడు. ఆ కాగితం 1878లో గాని బయటపడలేదు. లింకన్ చనిపోయి అప్పటికి పదమూడేళ్ళు. ఒక బోధకుడు శ్రద్ధగా అప్పగించిన జాబితా వల్లనే ఆ నింద తొలగిపోయింది. మన సంఘాల వివాహ రిజిష్టర్లు ఏ బీరువాలో ఏ స్థితిలో ఉన్నాయో చూసుకోవడం మంచిది.

పుట్టుక సంగతి ఇంత సులభంగా తేలలేదు. లింకన్ వద్ద న్యాయవాద వృత్తిలో భాగస్వామిగా ఉన్న విలియం హెర్న్‌డన్ 1889లో ప్రచురించిన జీవితచరిత్రలో, నాన్సీ లూసీ హ్యాంక్స్‌కు పెళ్ళి కాకముందు పుట్టిన బిడ్డ అనీ, ఈ మాట లింకనే తనతో చెప్పాడనీ రాశాడు. చాలామంది దీన్ని సహించలేకపోయారు. 1899లో కారొలైన్ హ్యాంక్స్ హిచ్‌కాక్ అనే రచయిత్రి, 1793 నాటి జోసెఫ్ హ్యాంక్స్ వీలునామాను చూపించింది. అందులో ఆయన తన కుమార్తె నాన్సీకి ఒక పెయ్యదూడను రాశాడు. ఇదిగో తండ్రి, ఇదిగో గౌరవప్రదమైన కుటుంబం అని అనేకులు ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆ నాన్సీ వేరు. ఆమె లింకన్ తల్లికి పినతల్లి వరుస. ఒకే ఇంట్లో ఒకే పేరు గలవారు ఇద్దరు ముగ్గురు ఉండడం మనకూ తెలిసిన విషయమే. పేరు కలిసింది కదా అని మనిషి కలిసినట్టు అనుకోవడం ఈ పరిశోధనలో తరచుగా జరిగే పొరపాటు.

తరువాత ఈ వివాదాన్ని నడిపిన ఇద్దరూ సేవకులే కావడం విశేషం. లూయీ వారెన్ డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ శాఖకు చెందినవాడు. కెంటకీ కోర్టుల పాత పుస్తకాలు తిరగేసి 1926లో తన గ్రంథం ప్రచురించాడు. నాన్సీ పెళ్ళి పూచీపత్రం మీద సంరక్షకుడుగా సంతకం చేసిన రిచర్డ్ బెర్రీ ఇంటికి షిప్లీ కుటుంబంతో సంబంధముంది గనుక, లూసీ పుట్టింటిపేరు షిప్లీ అనీ, ఆమె హ్యాంక్స్ ఇంటి కోడలనీ, నాన్సీ వివాహంలోనే పుట్టిందనీ ఆయన వాదం. కాంగ్రిగేషనల్ పాస్టరు విలియం బార్టన్ దీనికి ఒప్పుకోలేదు. 1789 నవంబరులో మెర్సర్ కౌంటీ గ్రాండ్ జ్యూరీ లూసీ హ్యాంక్స్ మీద వ్యభిచార నేరం మోపిన నమోదును ఆయన ముందుకు తెచ్చాడు. 1791లో హెన్రీ స్పారో ఆమెను పెండ్లాడాడు. వారి కాపురం స్థిరంగా సాగి పిల్లలు కలిగారు. ఒక పాస్టరు ఇలాంటి కాగితాన్ని ప్రచురించడం అప్పట్లో కొందరికి రుచించలేదు. నా అభిప్రాయంలో ఆయన చేసింది సరియే. నాన్సీ గౌరవాన్ని కాపాడాలన్న ఆశ వారెన్ వాదానికి బలం ఇచ్చింది గాని, ఆశ ఆధారం కాదు.

2015లో ప్రకటించిన డి.ఎన్.ఏ. పరిశోధనతో ఈ చర్చ కొత్త మలుపు తిరిగింది. తల్లి నుండి బిడ్డలకు వచ్చే మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.ను కుమార్తెలు మాత్రమే తరువాతి తరానికి అందిస్తారు. నాన్సీ ఏకైక కుమార్తె సారా 1828లో ప్రసవ సమయంలో చనిపోయింది, బిడ్డ కూడా దక్కలేదు. అందుచేత నాన్సీ నుండి నేరుగా వచ్చే స్త్రీ సంతతి లేదు. పరిశోధకులు లూసీకి స్పారో వలన పుట్టిన కుమార్తెల సంతతినీ, జోసెఫ్ హ్యాంక్స్ భార్య ఆన్ లీ హ్యాంక్స్ సంతతినీ, షిప్లీ సంతతినీ పోల్చి చూశారు. మొదటి రెండూ ఎక్స్ 1 సి అనే అరుదైన వర్గానికి చెందాయి. షిప్లీ సంతతి కలవలేదు. అనగా లూసీ పుట్టుకతోనే హ్యాంక్స్ ఇంటి ఆడపిల్ల. ఆమె కుమార్తెకు కూడా అదే ఇంటిపేరు ఉండడానికి హెర్న్‌డన్ చెప్పిన కారణమే సరిపోతుంది.

నాన్సీ తండ్రి ఎవరన్నది మాత్రం ఈ పరీక్షతో తేలదు. అది తల్లి వైపు దారిని మాత్రమే చూపుతుంది. ఒక వర్జీనియా భూస్వామి అని హెర్న్‌డన్ రాశాడు. ఏ వీలునామాలోనూ, ఏ కోర్టు పుస్తకంలోనూ ఆ మనిషి పేరు ఇంతవరకు దొరకలేదు.