పెంకు పగిలాక మూడు రోజులు

తిరునాళ్ళ మర్నాడు బడిలో పిల్లల ముచ్చట్లన్నీ రంగు కోడిపిల్లల గురించే. ఒకరు గులాబీ రంగుది కొన్నారు, ఇంకొకరు ఆకుపచ్చది. నాలుగో రోజుకు ఆ ముచ్చట ఆగిపోతుంది. అడిగితే "చచ్చిపోయింది టీచర్" అని నేల చూపులు చూస్తారు. తల్లిదండ్రులు "దానికేదో రోగం" అని సరిపెడతారు. చాలాసార్లు అది రోగం కాదు.

ఆ పిల్లలు ఎక్కడివో చూద్దాం. కోయంబత్తూరు చుట్టూ పల్లడం, ఉడుమలైపేట మాంసపు కోళ్ళకు పేరైతే, నామక్కల్ గుడ్లకు పేరు. గుడ్లు పెట్టే జాతిలో పుంజుపిల్లతో హేచరీకి పని లేదు. అది గుడ్డు పెట్టదు, మాంసానికి త్వరగా ఎదగదు. సంతల్లో రంగు పూసి అమ్మేది ఎక్కువగా అలాంటి పుంజుపిల్లల్నే. రంగు నీళ్ళలో తడిసి, ఎండలో బుట్టలో కిక్కిరిసి, తాగడానికి చుక్క నీరు లేకుండా మన ఇంటికి వస్తుంది. రాత్రి దాన్ని అట్టపెట్టెలో ఒంటరిగా పెడతాం. తెల్లారేసరికి బిగుసుకుపోయి ఉంటుంది. దాన్ని చంపినవి చలి, దాహం, అలసట.

ఇంట్లో నాటుకోడి పొదిగిన పిల్లలకు తల్లి రెక్క ఉంటుంది కాబట్టి బెడద తక్కువ. అయినా ఏ పొదుగులోనైనా ఒకటో రెండో నీరసంగా పడిపోతాయి. వాటిని దక్కించుకోవడం మన పిల్లలు చేయగల పనే. అందుకే ఈ వారం ఈ పేజీలో కోడిపిల్లల సంగతి రాస్తున్నాను.

మొదట గుడ్డు దగ్గరే ఒక జాగ్రత్త. ఇరవై ఒక్క రోజుల పొదుగు నిండే వేళకు పిల్ల ముక్కుతో పెంకుకు చిన్న చిల్లు పెడుతుంది. ఆ తరువాత గంటల తరబడి కదలకుండా ఉంటుంది. చూసేవాళ్ళకు ఆత్రం పుట్టి పెంకు ఒలిచేస్తారు. ఆ వేళ లోపల పిల్ల ఊరికే లేదు. మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటోంది, పొరలోని రక్తనాళాలు ఎండిపోతున్నాయి. తొందరపడి ఒలిస్తే రక్తం కారి చచ్చిపోతుంది. చిల్లు పడ్డాక ఒక రోజు దాకా వేచి ఉండాలి. అప్పటికీ రాక, పొర ఎండి పిల్లకు అతుక్కుపోయి కనిపిస్తే, గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డతో తడిపి కొంచెం కొంచెంగా విప్పవచ్చు. ఎక్కడ రక్తపు చుక్క కనిపించినా చేయి తీసేయాలి.

బయటికి వచ్చిన పిల్లకు వెంటనే తిండి పెట్టనక్కర్లేదు. కడుపులోకి తీసుకున్న ఆ సొనే రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు దాన్ని నిలబెడుతుంది. హేచరీలు ఒకరోజు పిల్లల్ని పెట్టెల్లో పెట్టి దూర ఊళ్ళకు పంపగలిగేది ఈ బలంతోనే. నీరసంగా ఉందని నోరు తెరిచి గంజి పోసే పెద్దలున్నారు. ప్రేమతోనే పోస్తారు, కానీ అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పిల్లకు ముందు కావలసింది వెచ్చదనం. పుట్టిన కొద్ది రోజులు తన ఒంటి వేడిని తానే కాపాడుకునే శక్తి కోడిపిల్లకు లేదు. తడి నూగు ఉంటే మరీ కష్టం. మొదటి వారం దాని చుట్టూ 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి, ఆపైన వారానికి సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. అట్టపెట్టెకు ఒక మూలన 60 వాట్ల పాతరకం బల్బు వేలాడదీస్తే చాలు. బల్బు గుడ్డకో అట్టకో తగలకూడదు. ఇప్పుడు అందరిళ్ళలో ఉన్నవి ఎల్‌ఈడీ బల్బులు. అవి వెలుగిస్తాయి గాని వేడి ఇవ్వవు. బల్బు పెట్టినా పిల్లలు చచ్చిపోయాయనే ఇళ్ళలో మొదట నేను అడిగేది ఇదే. పాత బల్బు దొరక్కపోతే సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టి, చల్లారినప్పుడల్లా మార్చాలి.

థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. ఒకదాని మీద ఒకటి పడి కీచుమంటుంటే చలి. ముక్కు తెరిచి, రెక్కలు దించి మూలలకు పోతే వేడి ఎక్కువ. అక్కడక్కడా పడుకుని మెల్లగా కిచకిచలాడుతుంటే సరిపోయింది. ఊరిని బట్టి కూడా చూసుకోవాలి. ఆడి నెలలో పాలక్కాడ్ కనుమ గుండా కోయంబత్తూరు మీదికి వచ్చే గాలికి గంపను గోనెతో కప్పాలి. చిత్తిరై నెలలో మదురై మధ్యాహ్నానికి బల్బు ఆర్పి నీడన పెట్టాలి.

ఒళ్ళు వెచ్చబడ్డాకే నీళ్ళు. గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో చిటికెడు బెల్లం కలిపి, పిల్ల ముక్కు అంచున ఒక చుక్క ఆనిస్తే అదే చప్పరిస్తుంది. గిన్నెలో పోసి పెడితే నిద్రలో పడి మునిగిపోతుంది. సీసా మూతో, గులకరాళ్ళు వేసిన పళ్ళెమో పెట్టండి. తరువాత మెత్తటి నూకలు, దంచిన సజ్జలు. చిక్ స్టార్టర్ దొరికితే అది ఇంకా మేలు.

రెట్ట వేసే చోట రెట్ట గట్టిపడి మూసుకుపోతే పిల్ల ఉబ్బి చచ్చిపోతుంది. గోరువెచ్చని నీళ్ళతో నానబెట్టి మెత్తగా తుడవాలి, లాగితే చర్మం ఊడుతుంది. పొట్ట మీద ఉండే బొడ్డును కదిలించకండి. కాళ్ళు రెండూ పక్కలకు జారిపోయే పిల్లను కుంటిదని వదిలేస్తారు. నున్నటి వార్తాపత్రిక మీద పెంచితే కాళ్ళు అలా జారతాయి. కింద గోనెపట్టా వేసి, దెబ్బలకు వేసే ప్లాస్టర్ సన్నగా కత్తిరించి, మామూలుగా నిలబడేంత ఎడం ఉంచి రెండు కాళ్ళకూ కలిపి అంటించాలి. మొదటి రెండు రోజుల్లో వేస్తే మూడు నాలుగు రోజుల్లో చాలావరకు సర్దుకుంటాయి. ఇది పిల్లల వేళ్ళకు బాగా కుదిరే పని.

బొడ్డు మానకుండా ఎర్రబడి, పొట్ట ఉబ్బి, చెడు వాసన వస్తే మాత్రం ఆ పిల్ల సాధారణంగా దక్కదు. దాన్ని వేరుగా ఉంచాలి. ఈ మాట పిల్లలకు ముందే చెప్పడం మంచిదని నా అభిప్రాయం. "ఎగిరిపోయింది" అనే అబద్ధం తొమ్మిదేళ్ళ బిడ్డకు అవసరం లేదు. చచ్చిన పిల్లను లోతుగా సున్నం వేసి పూడ్చాలి. ఏ కోడిపిల్లను తాకినా సబ్బుతో చేతులు కడగాలి. ముద్దులు అసలు వద్దు, సాల్మొనెల్లా అలాగే నోట్లోకి పోతుంది.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. 2006 చట్టం వచ్చాక మన పిల్లలకు తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. అది నేర్వవలసిందే. ఇంటి తెలుగుకు దొరికే చోటు మాత్రం సన్నబడుతోంది. అవ్వ "కోడి పొదుగుకు కూర్చుంది" అంటే మనవరాలు "అడైకి కూర్చుంది" అంటుంది. నూకలు కురుణై అయ్యాయి, రెట్ట ఎచ్చం అయింది. మా తరగతిలో కోడిపిల్ల ఉన్న ప్రతి బిడ్డా మూడు రోజుల దినచర్య తెలుగులో రాస్తుంది: ఎప్పుడు తాగింది, రెట్ట ఏ రంగు, ఏ మూల పడుకుంది. మాట తెలియకపోతే అవ్వను అడిగి రావాలి. నూగు, గంప, పెంకు, పొర ఈ నోటుబుక్కుల్లోకి అలా వచ్చినవే. పాఠంలో అర్థాలు బట్టీ పట్టించినప్పుడు అవి నిలవలేదు.

మూడు రోజులు దాటిన పిల్లకు ఏడో రోజున కొక్కెర తెగులు టీకా చుక్క కంట్లోనో ముక్కులోనో వేయించాలి. పశువుల ఆసుపత్రిలో దాన్ని "వెళ్ళై కళిచ్చల్" అని అడగండి, ఇంగ్లీషులో రాణిఖేత్ అంటారు. మందు మంచులో పెట్టి తేవాలి, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. ఒక సీసా పదుల కొద్దీ కోళ్ళకు సరిపోతుంది కాబట్టి వీధిలో నాలుగిళ్ళవాళ్ళు మాట్లాడుకుని ఒకే రోజు వేయించుకుంటే మందు వృథా కాదు.