జంట పడవపై జలవిహారం

సముద్రం మానవుణ్ణి ఎంతగా భయపెట్టిందో అంతగా ఆకర్షించింది. ఒకప్పుడు జీవనోపాధికీ, వాణిజ్యానికీ కడలిని ఆశ్రయించిన మానవుడు నేడు వినోదానికి కూడా దానిని ఆశ్రయిస్తున్నాడు. కొందరు మిత్రులు కలసి తెరచాప పడవను అద్దెకు తీసుకొని, వారం రోజులపాటు దానిలోనే వండుకొని తిని, నిద్రించి, దీవి నుండి దీవికి సాగిపోవడం అట్టి వినోదాలలో ఒకటి. ఈ విహారాలలో నేడు విశేషాదరణ పొందుతున్న పడవ కాటమరాన్.

ఈ పేరు మన తీరానిదే. తమిళంలో ‘కట్టుమరం’ అంటే కట్టిన కొయ్య. అందలి ‘మరం’, మన ‘మ్రాను’ ఒకే మూలానికి చెందినవి. తేలిక దుంగలను తాళ్ళతో బిగించి కట్టిన ఈ సాధనాన్నే తెలుగు జాలరులు ‘తెప్ప’ అన్నారు. ఆంగ్ల నావికుడు విలియం డాంపియర్ 1697లో ప్రచురించిన తన యాత్రాగ్రంథంలో కోరమాండల్ తీరపు కట్టుమరాలను వర్ణించాడు.

పేరు మనదైనా నేటి కాటమరాన్ రూపం మనది కాదు. రెండు పడవలను జంటగా కూర్చి మహాసముద్రాన్ని దాటిన ఘనత పసిఫిక్ దీవులలోని పాలినీషియన్లది. 1876లో అమెరికాకు చెందిన నథానియల్ హెర్రెషాఫ్ ‘అమరిల్లిస్’ అనే జంట పడవను నిర్మించి న్యూయార్క్ పందెంలో ఒంటి పడవలను అధిగమించాడు. దాని వేగమే దానికి శత్రువైంది. ఒంటి పడవలతో పోటీపడే అవకాశం దానికి దక్కకుండా పోయింది.

ఒంటి పడవ అడుగున అమర్చిన బరువు దానిని నిలబెడుతుంది. కాటమరాన్‌కు అంత బరువు అవసరం లేదు. రెండు సన్నని పడవల నడుమ గల దూరమే దానికి స్థిరత్వం. అందువలన అది అంతగా ఒరగదు. లోతు తక్కువగా ఉన్న నీటిలోనూ తేలుతుంది. మధ్యనున్న విశాల వేదికపై మిత్రులందరూ సుఖంగా కూర్చుండవచ్చు.

అయితే ఈ సుఖంలోనే ఒక ప్రమాదం పొంచి ఉంది. గాలి పెచ్చుపెరిగినప్పుడు ఒంటి పడవ ఒరిగి తనలోనివారిని హెచ్చరిస్తుంది. కాటమరాన్ అట్లు హెచ్చరించదు. ఒకసారి తలక్రిందులైతే తనంత తాను తిరిగి లేవదు. కనుక దానిని నడిపేవాడు పడవ తీరును కాక గాలివేగాన్ని కొలిచే సాధనాన్ని నమ్మి, ముందుగానే తెరచాపను కుదించాలి.

కరీబియన్ సముద్రంలోని బ్రిటిష్ వర్జిన్ దీవులు ఇట్టి విహారాలకు ప్రసిద్ధి చెందాయి. అచట దీవులు ఒకదాని నుండి మరొకటి కంటికి కనిపించేటంత దగ్గరగా ఉంటాయి. తూర్పు దిక్కు నుండి వ్యాపార పవనాలు నిలకడగా వీస్తాయి. అంతటి రమణీయ ప్రాంతమే 2017 సెప్టెంబరులో ‘ఇర్మా’ తుపానుకు తల్లడిల్లింది. రేవులలోని విహారనౌకలు కుప్పలుగా పడిపోయాయి. జూన్ నుండి నవంబరు వరకు తుపానుల కాలమని యాత్రికులు మరువరాదు.

పడవను అద్దెకిచ్చేవారు నడపగల అనుభవం ఉన్నదో లేదో విచారిస్తారు. లేనిచో సరంగును వెంట తీసుకొనిపోవాలి. చీకటి పడకముందే లంగరు వేయడం, నీటి లోతుకు కనీసం ఐదింతలు గొలుసు వదలడం, మంచినీటిని పొదుపుగా వాడడం పాటించవలసిన నియమాలు. ఎక్కడికి వెళ్ళాలో మిత్రులందరూ కలసి నిర్ణయించుకోవచ్చు. బయలుదేరాలా, ఆగాలా అన్నది మాత్రం చుక్కాని పట్టినవాని మాట. “ఈ రోజు వద్దు” అని అతడు అన్నప్పుడు నిరుత్సాహాన్ని దిగమ్రింగి అంగీకరించడమే నిజమైన స్నేహం. అందరి ముచ్చట కోసం అతడు తలయూపితే అందరి ప్రాణాలకూ ముప్పు.

విహారికి ఈ నియమాలు కొన్ని దినాల దీక్ష. జాలరికి అవి జీవితకాలపు విద్య. గాలిని చూసి తెప్పను ఒడ్డునే నిలిపినవాడు ఆ పూట కూడు పోగొట్టుకున్నా మరునాటి వేటకు మిగిలాడు. సముద్రాన్ని జయించడం కంటె దాని మనసెరిగి మసలుకోవడమే నావికుని నేర్పు.