దుర్వాసుడు వచ్చు వేళ

వనవాసమున ధర్మరాజునకు సూర్యభగవానుడు అక్షయపాత్ర నొసగిన కథ మన విద్యార్థులకు తెలిసినదే. ఆ వరమునకు ఒక హద్దు ఉన్నది. ద్రౌపది భుజించువరకే ఆ పాత్ర ఎందరికైనను అన్నము పెట్టును. ఆమె భుజించిన పిమ్మట ఆనాటికి అది ఉత్త పాత్ర. దుర్వాసుడు శిష్యసమేతుడై సరిగా ఆ వేళకే వచ్చినాడు. ఈ ఘట్టము చెప్పుచుండగా ఒకనాడు తరగతిలో ఒక విద్యార్థిని లేచి, "తినకముందే కొంచెం తీసి పెట్టుకోవచ్చు గదా సార్?" అని అడిగినది. అందరు నవ్వినారు. నాకు మాత్రము నేటి విద్యుచ్ఛక్తి సమస్యను ఆ బాలిక ఒక్క ప్రశ్నలో చెప్పినట్లు తోచినది.

మన దేశమున 2014 ఆరంభమున మూడువేల మెగావాట్లకు లోబడి ఉన్న సౌరవిద్యుత్ సామర్థ్యము 2025 జనవరి ముగియునాటికి లక్ష మెగావాట్లు దాటినది. మన రాయలసీమలోనే, కర్నూలు ప్రాంతమున గని, శకునాల గ్రామముల చెంత వేయి మెగావాట్ల సౌరక్షేత్రము 2017 లో వెలసినది. ఎండను తిట్టుకొనుటయే గాని మెచ్చుకొనుట ఎరుగని సీమకు ఇది వింతయే. అయితే ఆ ఫలకములు మధ్యాహ్నము పుష్కలముగా ఇచ్చి, సాయంకాలమునకు చేయి ముడుచుకొనును. ఇంటింట దీపములు, పంకాలు, టెలివిజన్లు ఒక్కుమ్మడిగా కరెంటు కోరునది అప్పుడే. దుర్వాసుడు వచ్చినాడన్నమాట! ముద్దనూరు సమీపపు తాప విద్యుత్కేంద్రము వంటివి బొగ్గు మండించి ఆ ఆకలి తీర్చవలసి వచ్చుచున్నది.

సూర్యుడు నిజముగా అన్నము వండిన చోటు కూడ మనకు దూరమున లేదు. 2002 లో తిరుమలలో దేవస్థానమువారు 106 పుటాకార దర్పణములు నెలకొల్పి, ఎండను ఒక్కచోటికి చేర్చి, నీటిని ఆవిరిగా మార్చి, దినమునకు పదునైదువేల మందికి వంట చేయగల ఏర్పాటు చేసినారు. దానిని డీజిలు బాయిలరుకు జతచేసియే ఉంచినారు. కొండమీద మబ్బు ఎప్పుడు క్రమ్మునో ఎవరికి తెలియును? ఆవిరి చాలసేపు దాచుకొనదగిన సరుకు కాదు.

దాచు విద్యయు ఈ ప్రాంతమునకు క్రొత్త గాదు. 1985 లో ప్రారంభమైన అమరరాజా సంస్థ తిరుపతి చెంత కరకంబాడిలో సీసపు బ్యాటరీలు చేసి దేశమంతట పేరుపొందినది. సీసపు పలకలను ఆమ్లములో ముంచి విద్యుత్తును దాచు ఈ ఉపాయము ఫ్రాన్సు దేశీయుడు ప్లాంటే 1859 లో కనుగొన్నది. అంతకు ఎంతో తేలికయైన లిథియం బ్యాటరీ 1991 లో బజారుకు వచ్చినది; దాని వెనుకనున్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019 లో నోబెల్ బహుమానము లభించినది. లిథియం సెల్లులు చేయు కర్మాగారమొకటి 2022 సెప్టెంబరులో తిరుపతిలోనే ఉత్పత్తికి సిద్ధమైనది. అవి ముఖ్యముగా సెల్‌ఫోనుల వంటి చిన్న పరికరములకు. ఊరంతటికి రాత్రి వెలుగు దాచవలెనన్న ఎన్నో వేలరెట్లు కావలెను.

మన పెద్దలకు ఈ దాచుట చెరువు రూపమున తెలియును. కురిసిన నాలుగు దినముల వానను పట్టి, కురియని నెలలలో వాడుకొనుటకే చిత్తూరు సీమలో వేలకొలది చెరువులు కట్టినారు. నంద్యాల జిల్లా పిన్నాపురమున 2022 మే నెలలో శంకుస్థాపన జరిగిన 1,680 మెగావాట్ల పథకము ఈ పద్ధతిదే. ఎగువ నొకటి, దిగువ నొకటి రెండు జలాశయములు. పగలు మిగులు కరెంటుతో నీటిని పైకి తోడుట, రాత్రి దానిని క్రిందికి వదలి టర్బైనులు త్రిప్పుట. ఇట్టి పథకములలో పెట్టిన శక్తిలో సుమారు అయిదవవంతు నష్టమగును. చెరువులోనూ కొంత నీరు ఆవిరియై పోవును గదా! ఆ విద్యార్థినికి నల్లబల్లపై ఈ బొమ్మ గీసి చూపినాను.

ఇక రైతు మాట. వంతులవారీ కరెంటు నడిరేయి వచ్చిన రోజులలో, మోటారు వేయుటకు టార్చిలైటుతో మడిగట్ల వెంట పోయి పాముకాటుకో, తడిచేతి షాకుకో బలియైనవారు మన పల్లెలలో లేకపోలేదు. పగటి ఎండతో నీరు తోడగలుగుట అట్టివారికి ప్రాణదానము. కాని సౌరమోటారుకు బిల్లు లేదు. ఎండ ఉన్నంతసేపు ఆపువాడును లేడు. మదనపల్లె, పుంగనూరు వైపు వేయి అడుగులు దించినను తడి తగలని బోర్లు కలవు.