సూరత్ సాంచాల నుంచి డాంగ్ అడవి దాకా: ఏకాంత ప్రార్థన విశేషాలు

దోపిడీలో మిగిలిన ఇల్లు

1664 జనవరిలో శివాజీ సేనలు సూరత్ మీద పడ్డాయి. అప్పట్లో మొగలుల రేవుల్లో సూరత్‌దే పెద్దపేరు. షావుకార్ల ఇళ్ళు రోజుల తరబడి దోపిడీకి గురయ్యాయి. వాళ్ళు జోలికి పోని ఇళ్ళలో ఒకటుంది. అది ఫాదర్ ఆంబ్రోస్ అనే కపూచిన్ సన్యాసి ఉండే చోటు. ఈ పాద్రీలు మంచివాళ్ళు, వాళ్ళనేమీ చేయొద్దని శివాజీ చెప్పినట్టు ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే రాశాడు.

ఈ కపూచిన్ల పుట్టుక తెలిస్తే ఆ సంగతి ఇంకా విశేషంగా తోస్తుంది. 1520లలో ఇటలీలో కొందరు ఫ్రాన్సిస్కన్ సన్యాసులు, తమ గురువు అస్సీసి ఫ్రాన్సిస్ బతికినట్టే కొండల్లో, అడవుల్లో పేదగా బతకాలని పాతమఠాలు విడిచి వచ్చారు. 1528లో పోపు అనుమతి దొరికింది. 1536లో రాసుకున్న నియమావళిలో, ప్రతి మఠం దగ్గరా చెట్ల మధ్య ఒకటి రెండు చిన్న కుటీరాలు విడిగా ఉండాలని పెట్టుకున్నారు. ఒంటరిగా దేవుని సన్నిధిలో గడపాలనుకున్న సోదరుడు అక్కడికి వెళ్ళిపోవచ్చు. అడవి కోసం పుట్టిన అలాంటి సభవాళ్ళు, నూరేళ్ళు దాటేసరికి సూరత్ బజారు నడుమ మఠం పెట్టుకుని ఉన్నారు. ఏకాంతంలో నేర్చుకున్న నిబ్బరమే బజారులో వాళ్ళ మాటకు విలువ తెచ్చిందని నా నమ్మకం.

ఇద్దరు తల్లులు, ఇద్దరు బిడ్డలు

ఏకాంతానికి వెళ్ళేవాళ్ళ కోసం ఫ్రాన్సిస్ స్వయంగా ఒక చిన్న నియమం రాశాడు. అది 1217, 1221 మధ్య కాలంనాటిదంటారు. అచ్చులో ఒక పేజీ నిండదు గాని, ఈ విషయం మీద అంత పనికొచ్చే రాత ఇంకొకటి నాకు కనిపించలేదు.

ముగ్గురు, మహా అయితే నలుగురు వెళ్ళాలి. అందులో ఇద్దరు తల్లులు, మిగిలినవాళ్ళు బిడ్డలు. అందరూ మగవాళ్ళే అయినా ఆయన వాడినవి ఈ మాటలే. తల్లులు మార్తలా పని చూసుకుంటారు. బిడ్డలు మరియలా ప్రార్థనలో కూర్చుంటారు. ఎవరి గది వారిది. రాత్రి ప్రార్థన ముగిసింది మొదలు మర్నాడు మూడో గంట ప్రార్థన అయ్యేదాకా మాట ఉండదు. పగలు ఆకలైతే బిడ్డలు వెళ్ళి తల్లుల దగ్గర భిక్ష అడుక్కోవచ్చు. బయటివాళ్ళెవరూ వచ్చి బిడ్డలను పలకరించకుండా తల్లులు కాపు కాయాలి. కొన్నాళ్ళకు వంతులు మారాలి. బిడ్డలు తల్లులవుతారు, తల్లులు బిడ్డలవుతారు.

ఒకరు ప్రార్థనలో కూర్చోవాలంటే ఇంకొకరు పొయ్యి దగ్గర ఉండాలి. ఈ లెక్క మరిచిపోయి చాలా ఇళ్ళలో మగవాళ్ళు ఉపవాస కూటాలకు వెళ్తారు, ఆడవాళ్ళు ఏడాది పొడుగునా తల్లులుగానే మిగిలిపోతారు. వంతు మార్చాలని ఎనిమిది వందల ఏళ్ళ కిందటే ఒక సన్యాసి రాసిపెట్టాడు.

నేసేవాళ్ళే మొదటి ఎడారి సన్యాసులు

సూరత్‌లో తెలుగువాళ్ళంటే ముందు గుర్తొచ్చేది నేతపని. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ చుట్టుపక్కల తరాలుగా ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. సాంచాల (మరమగ్గాల) షెడ్డులో పన్నెండు గంటల షిఫ్టు మామూలే. ఎదురుగా నిలబడి అరిచినా మాట వినపడదు. అలాంటి చోట పని చేసే విశ్వాసికి ఏకాంతం ఒక విలాసమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అతనికి కావలసినంతగా ఇంకెవరికీ అక్కర్లేదు.

నాలుగో శతాబ్దపు ఐగుప్తు ఎడారి సన్యాసులు కూడా చేతిపనివాళ్ళే. ఖర్జూరపాకు నానబెట్టి, చీల్చి, తాళ్ళు పేనేవారు, బుట్టలు, చాపలు అల్లేవారు. వాళ్ళందరికీ పెద్ద అయిన అంతోని ఒకనాడు మనసు నిలవక దిక్కుతోచక ఉన్నప్పుడు, తనలాంటి ఒక మనిషి కూర్చుని తాడు పేనడం, లేచి ప్రార్థించడం, మళ్ళీ కూర్చుని పేనడం చూశాడని వాళ్ళ కథల్లో ఉంది. అతను దేవదూత. ఇలాగే చెయ్యి, గట్టెక్కుతావని చెప్పాడట. పని ఆపి ప్రార్థించమని దూత చెప్పలేదు, రెండూ వంతులవారీగా చేసి చూపించాడు.

ఇంకొక సన్యాసి పేరు పౌలు. ఆయన గుహ నుంచి ఊరికి ఏడురోజుల నడక. అల్లినవి సంతకు తోలితే కిరాయే సరుకు ధరను మించిపోయేది. అయినా రోజూ ఇంత అని పెట్టుకుని అల్లేవాడు. ఏడాది తిరిగి గుహ నిండిపోగానే అన్నీ తగలబెట్టి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఈ సంగతి రాసినవాడు జాన్ కాసియన్. చేతులు ఊరికే ఉంటే మనసు పాడవుతుందని ఆ ఎడారివాళ్ళు గట్టిగా నమ్మారు.

ముందు నిద్ర, రొట్టె

ఏలీయా ప్రాణభయంతో అరణ్యానికి పారిపోయి, చచ్చిపోతే బాగుండునని చెట్టుకింద పడుకున్నాడు. దేవదూత వచ్చి ఏం చేశాడు? ప్రసంగం చెప్పలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్ళు చూపించి తినమన్నాడు. తిని మళ్ళీ నిద్రపోయాడు. దూత రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. హోరేబు కొండ, మెల్లని స్వరం ఆ తర్వాతి సంగతులు. రాత్రి షిఫ్టు దిగి నేరుగా ధ్యాన కూటానికి వచ్చిన మనిషి మొదటి పూట కునికిపాట్లు పడితే కసరకుండా పడుకోబెట్టడమే వాక్యానుసారం.

నలభై రాళ్ళు

1913లో సాధు సుందర్ సింగ్ హరిద్వార్, డెహ్రాడూన్‌ల మధ్య అడవిలో నలభై రోజుల ఉపవాసానికి కూర్చున్నాడు. రోజులు మరిచిపోకుండా నలభై రాళ్ళు పక్కన పెట్టుకుని, రోజుకొకటి తీసేయాలనుకున్నాడు. కొన్నాళ్ళకు ఆ రాయి తీసే ఓపిక కూడా పోయింది. అడవికి పనిమీద వచ్చినవాళ్ళు స్పృహలేని స్థితిలో చూసి మోసుకొచ్చారు కాబట్టి బతికాడు. ఎన్ని రోజులు గడిచాయో ఆయనే చెప్పలేకపోయాడు. ఆయన భక్తి మీద నాకెంతో గౌరవం. అయినా ఆ నలభై మాత్రం ఎవరూ అనుకరించకూడదు. షుగరుకు, బీపీకి మందులు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా ఒక్కపూట కూడా పస్తుండొద్దు.

మన కొండలు

ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1న, తెల్లవారకముందే, బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, జూలియా మొదలైన తెలుగు విశ్వాసులు కలిసి ఆ కొండ ఎక్కారు. కింద కనబడే ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని మోకరించారు. ఆ సేవకుడిగా మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. అంటే పన్నెండేళ్ళు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అది ధాతు కరువు దాటుతున్న కాలం. కరువు రోజుల్లో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కొండమీది ప్రార్థనకూ ఈ కాలువ తవ్వకానికీ మధ్య నేను గీత గీయలేను.

1941లో సువార్తికుడు భక్త్ సింగ్, తోటి సేవకులు మద్రాసు పక్క పల్లావరం కొండ మీద రాత్రంతా ప్రార్థించి దిగాకే యెహోవా షమ్మా అనే సంఘం మొదలైంది. బెజవాడ గుణదల కొండ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 1924లో ఫాదర్ అర్లాటి అక్కడ మేరీమాత స్వరూపం నెలకొల్పారు.

సహారాలో నిఘంటువు

ఏకాంతంలో కూడా పని వదలని ఇంకొకరు చార్లెస్ ద ఫూకో. ఈ ఫ్రెంచి గురువు 1905లో సహారా నడిబొడ్డున తమన్రాసెత్‌లో ఒంటరిగా మకాం పెట్టాడు. అక్కడి తువారెగ్ జనం మాటలను ఏళ్ళ తరబడి కూర్చి పెద్ద నిఘంటువు తయారుచేశాడు. 1916లో తుపాకీ గుండుకు బలయ్యాడు. 2022 మే 15న రోమ్‌లో పునీతుడిగా ప్రకటించారు.

సూరత్ వాళ్ళకు దగ్గరి అడవి

డాంగ్ జిల్లా సహ్యాద్రి కొండల ఉత్తరపు కొస. టేకు, వెదురు దండిగా ఉంటాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లా మొత్తానికి 2,28,291 మంది, సూరత్‌లో కొన్ని పేటల జనాభా అంత. బల్సార్‌లో పని మొదలుపెట్టిన చర్చ్ ఆఫ్ ది బ్రెదరెన్ మిషనరీలు 1907లో ఈ అడవిలోని అహ్వా చేరారు. 1970లో ఆ సంఘాలు చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాలో కలిశాయి. కాబట్టి అక్కడి ఆదివాసీ విశ్వాసులకు నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. అడవికి వెళ్ళే పట్నం సంఘాలు వాళ్ళకు బోధించాలని కాక, వాళ్ళ దగ్గర కూర్చోవాలని వెళ్తే మంచిది.

సూరత్ నుంచి ముంబై దారిలో బిలిమోరా స్టేషను. అక్కడి నుంచి వఘయికి 63 కిలోమీటర్ల నేరోగేజి లైను 1913 నాటిది, గాయక్వాడ్‌ల కాలంలో వేసింది. వఘయి దగ్గర కిలాద్‌లో, పూర్ణ నది ఒడ్డున మహల్‌లో అటవీశాఖ క్యాంపులున్నాయి. పూర్ణ సుమారు 160 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, కనక అనుమతి ముందే తీసుకోవాలి. మైకులు, సౌండు బాక్సులు ఇంట్లోనే వదిలేసి వెళ్ళాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు దంచికొడతాయి. వాగులు పొంగి దారులు తెగుతాయి. దీపావళి దాటాక చలికాలం అనువు. నలుగురు వెళ్తే శనివారం ఇద్దరు పొయ్యి చూసుకుని, ఫోన్లన్నీ తమ దగ్గర పెట్టుకోవచ్చు. ఆదివారం పొయ్యీ ఫోన్లూ మిగతా ఇద్దరివి.