మీట ఆపినను నిలుచు విద్యుత్తు

మీట ఆపినంతనే యంత్రములోని విద్యుత్తు అంతయు పోవునని నేనును తలంచితిని. ఒకనాడు బావి మోటారు పెట్టె తెఱచి, చేయి పెట్టి, మోచేతి వరకు దెబ్బ తింటిని. వాగు ఆగినను చెఱువులో నీరు నిలుచును గదా!

ఆ చెఱువు కెపాసిటరను డబ్బా. అందు రెండు లోహపు రేకులు, వాని నడుమ విద్యుత్తును పోనీయని పొర యుండును. ఒక రేకున ధనావేశము, రెండవదాన ఋణావేశము చేరి, పరస్పరాకర్షణచే నిలుచును. 1746లో హాలెండు దేశపు లైడెను నగరమున ముషెన్‌బ్రూకు పండితుడు నీటిసీసాలో నిట్లే విద్యుత్తును నిలువచేసి, తాకి, అదరిపోయెను. మన 230 వోల్టుల ప్రవాహము అలవలె లేచిపడును. ఆ అల శిఖరము 325 వోల్టులు. డబ్బాలో అంతవరకు నిలువవచ్చును.

తగిన రెసిస్టరును రెండు కొనలకు కలిపినచో, అది వేడిగా మాఱి తరిగిపోవును. కావున పని తెలిసినవానిచే ముందుగా డబ్బాను ఖాళీ చేయింపుడు. పిదపనే చేయి పెట్టనిండు.